నూటొక్క మిల్లీమీటర్లు

కార్ఖానా, మేడ మీది గది
ఫిబ్రవరి 3

అక్కా,

నీ క్షేమం తర్వాత అడుగుతాను. ముందు నా కోపం కాస్త దించుకోనివ్వు. ఫోను చేస్తే రెండో మాటకే "పనిలో ఉన్నాను" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా.

ఇవాళ పరిశ్రమల మండలి డైరెక్టరు గారు మన కార్ఖానాకి వచ్చారు. వెంట టై కట్టుకున్న ఒకాయన. విదేశీ కంపెనీ ఇంజనీరట. మాట మెత్తన, బూట్లు ఇంకా మెత్తన. మన ఈ చిన్న దేశంలోని ఆసుపత్రులన్నిటికీ మూడేళ్ళపాటు కావలసిన ఇనప సామాను, అంటే మంచాల కీళ్ళు, సెలైన్ స్టాండ్ల క్లాంపులు, చక్రాల కుర్చీల బ్రేకులు, ఇలా పందొమ్మిది రకాలూ ఒకే షెడ్డులో చేయించాలని మండలి అనుకుంటోందట. టై ఆయన కంపెనీ యంత్రాల వరసని అద్దెకు తెచ్చి అందులో బిగిస్తారట. మనలాంటి పదకొండు చిన్న కార్ఖానాల వాళ్ళం ఇక యంత్రాలతో కుస్తీ పట్టక్కర్లేదట. వచ్చిన సరుకుని అట్టపెట్టెల్లో సర్దితే చాలట. "మీకే శ్రమ తగ్గుతుందమ్మా" అన్నారు డైరెక్టరు గారు, నాకేదో వరమిస్తున్నట్టు.

నేను ఒక్కటే అడిగాను, ఆ వరస ఏడాదికి ఎన్ని మంచం కీళ్ళు చేస్తుందని. లక్షన్నర అని టై ఆయన గర్వంగా చెప్పాడు. మన దేశం మొత్తానికి ఏడాదికి కావలసినవి నాలుగు వేలు. అంటే పది రోజుల్లోపే ఏడాది పని ముగించేసి మిగతా రోజులన్నీ మన మొహాలు చూస్తూ కూర్చుంటుంది. పోనీ కీలు మానేసి క్లాంపు చెయ్యమందామంటే, వాళ్ళ మనుషులు విమానమెక్కి వచ్చి మార్చాలి, ఆరు వారాలు. చిన్న దేశానికి ఏదీ ఎక్కువ అక్కర్లేదు, అన్నీ కొంచెం కొంచెం కావాలి. ఈ ముక్క వాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు.

అప్పుడు వాళ్ళని వెనక హాల్లోకి తీసుకెళ్ళి బొంతని చూపించాను. నువ్వు వెళ్ళేనాటికి చక్రాల మీద దొర్లే ఈ యంత్రాల బండ్లు రెండే ఉండేవి. ఇప్పుడు పదకొండు కార్ఖానాల్లో కలిపి నలభై ఆరు. ఒక బండి చిల్లు పెడుతుంది, ఒకటి వంచుతుంది, ఒకటి మరలు బిగిస్తుంది, ఇంకొకటి కెమెరాతో చూసి బాగోలేనివి పక్కకి తోస్తుంది. ఏ బండి మెదడు దాని పెట్టెలోనే ఉంటుంది. కావలసిన వాటిని దొర్లించుకొచ్చి, కింద ఉన్న చిల్లుల పలకలోకి నాలుగు పిన్నులు దింపి, గాలి గొట్టం ఒకటి, కరెంటు తీగ ఒకటి తగిలిస్తే అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టి పని మొదలెడతాయి. పొద్దున కీళ్ళు, మధ్యాహ్నం క్లాంపులు. అతుకులేసి కుట్టినట్టు ఉంటుందని తాళాల కార్ఖానా నడిపే తాళాలాయన దానికి బొంత అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది.

డైరెక్టరు గారు చూసి నవ్వారు. "ఇది యంత్రమా, సంతా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. పరీక్ష పెట్టండి అన్నాను. ఆయన సరదాకి ఊఁ అన్నారు గానీ నేను కాగితం మీద రాయించుకునే దాకా గుమ్మం దాటనివ్వలేదు. జూన్ ఇరవైన ఒకే షిఫ్టులో మూడు రకాల సామాను చెయ్యాలి, కనీసం మూడు కార్ఖానాల బండ్లు కలిపి. నెగ్గితే ఆసుపత్రుల పని పదకొండు మందిదీ. ఓడితే బండ్లన్నీ తుక్కు కిందికి, మేమంతా అట్టపెట్టెల దగ్గరికి.

పరీక్షకి ముందు మన తల్లి పలకని, అదే అన్ని పలకలకీ అచ్చైనదాన్ని, నువ్వు గీసిన పటంతో సరిచూసి మీ కొలతల ప్రయోగశాల కాగితం ఇవ్వాలట. నాకు సాయం చెయ్యమని అడగను. మీవాళ్ళు ఏం చూస్తారో చెప్పు చాలు. ఆ చిల్లులు పెట్టింది నువ్వే కాబట్టి ఆ సంగతిలో మాత్రం నాకు ఇసుమంత దిగులు లేదు.

నీ చెల్లెలు


కొలతల ప్రయోగశాల, రెండో అంతస్తు
ఫిబ్రవరి 19

మొండిదానికి,

ఉత్తరం అందింది. కులాసాగానే ఉన్నాను.

నువ్వు ఆ పరీక్ష మానుకుంటే మంచిదని నా ఉద్దేశం. నీ తెలివి మీద అనుమానంతో చెప్పడం లేదు. మండలితో తగువు పెట్టుకుని నెగ్గినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. అద్దె వరస వస్తే పదకొండు మందికీ ఏదో ఒక పని దొరుకుతుందని వాళ్ళే అంటున్నారు కదా. నీకూ నలభై దాటాయి. రోజంతా ఇనుము మొయ్యడం ఎన్నాళ్ళు?

మానుకోనంటావా, అయితే ఒక్క మాట విను. తల్లి పలక పంపకు. అది పాతది, చిల్లుల్లో బిగించిన ఉక్కు బుష్‌లు అరిగి ఉంటాయి. పటం చూసి ఎవరిచేతనైనా కొత్త పలక చేయించి అది పంపు.

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. కొలతల గదిలో మాత్రం ఏడాది పొడుగునా ఒకటే చల్లదనం. శాలువా కప్పుకుని కూర్చుంటున్నాను.

అక్క


కార్ఖానా, మేడ మీది గది
ఫిబ్రవరి 27

అక్కా,

ఈ ఉత్తరం నువ్వే రాశావా, లేక డైరెక్టరు గారు చెబుతుంటే రాసి పెట్టావా? పదహారేళ్ళ వయసులో, ఆడపిల్లకి డ్రిల్లు ఎందుకన్న పెద్దనాన్న ఎదురుగా మిషను ఆన్ చేసి, ఆయన మాట ఆయనకే వినపడకుండా చేసినదానివి నువ్వు. ఆ అక్క ఎక్కడికి పోయింది? శాలువా కప్పుకుని కూర్చుందా?

పలక పంపొద్దన్నావు. నీ ఉత్తరం వచ్చేసరికి పంపేశాను. చెక్కపెట్టెలో నూనె గుడ్డ చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాను. బుష్‌లు అరగలేదు, రెండేళ్ళ క్రితమే మార్చాను. ఇక కొత్త పలక చేయించడమంటావా, అది మనవాళ్ళెవరూ చెయ్యని పని. ఇక్కడ ఎవరికి పలక కావాలన్నా తల్లి పలకని తెచ్చుకుని, కొత్తదాన్ని దాని కింద బిగించి, ఆ బుష్‌ల్లోంచే చిల్లులు దించుతారు. పిన్నులు దిగ్గొట్టే బండ్ల కాళ్ళకీ అంతే. పటం చూసి స్కేలు పెట్టినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. అందుకే తాళాలాయన బండి సైకిళ్ళావిడ పలక మీద కళ్ళు మూసుకుని కూర్చుంటుంది.

ఇంకో వింత విను. టై ఆయన మంచితనం పొంగి తన కంపెనీ బండి ఒకటి పంపాడు, "మీ బొంతకి అతికించి చూసుకోండి" అని. మొదటి పిన్ను దిగింది. రెండోది చిల్లు అంచు మీద కూర్చుంది. దూరంగా ఉన్నదైతే చిల్లు పొలిమేరలకి కూడా రాలేదు. ఆయన జేబులోంచి టేపు తీసి కొలవబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. మీ చిల్లుల దూరం తప్పు మేడమ్ అన్నాడు. తప్పు మీ పిన్నులది అన్నాను. దేశంలో కొలతలకే కొలత చెప్పే మా అక్క పెట్టిన చిల్లులివి, మీ అక్క ఏం చేస్తుంటుందని అడిగాను. పాపం, ఆయనకి అక్క లేదట.

నువ్వు నా పక్షాన ఉండకపోతే మానె. ఎదుటి పక్షానికి మాత్రం వెళ్ళకు.

నీ చెల్లెలు


కొలతల ప్రయోగశాల, రెండో అంతస్తు
మార్చి 14

చెల్లీ,

ఆయన్ని టేపు పెట్టనివ్వాల్సింది.

తప్పు ఆయన పిన్నులది కాదు, నాది. ఎనిమిదేళ్ళుగా ఈ మాట నా గొంతులోనే ఉండిపోయింది. చెప్పేస్తాను, చివరిదాకా చదువు.

నాన్న సొరుగులో రెండు ఉక్కు స్కేళ్ళు ఉండేవి, గుర్తుందా? మనిద్దరి కంటే ఎక్కువ పోలిక వాటికి. ఒకటి మామూలుది. రెండోది పోత స్కేలు. కరిగించి పోసిన ఇనుము చల్లారితే నూటికి ఒకటి చొప్పున కుదించుకుపోతుంది కాబట్టి, అచ్చు అంతమేర పెద్దగా చేసుకోవాలి. ఆ లెక్క ప్రతిసారీ వెయ్యక్కర్లేకుండా స్కేలు మీది గీతల్నే కాస్త సాగదీసి కొడతారు. దాని మీద వంద అంటే నిజానికి నూటొకటి. నాన్న కుర్రతనంలో పోత అచ్చులు చేసిన రోజులనాటి స్కేలు అది. చివర్న ఆ సంగతి చెప్పే చిన్న అక్షరాలు ఉండేవి గానీ, ఆయన బొటనవేలి కింద పడి అవి ఎప్పుడో చెరిగిపోయాయి.

నేను తల్లి పలక మీద గీతలు గీసింది ఆ స్కేలుతో. పటంలో చిల్లుకీ చిల్లుకీ మధ్య వంద మిల్లీమీటర్లని నా చేత్తోనే రాసి, ఇనుము మీద నూటొకటి పెట్టాను.

ఇక్కడ చేరిన మొదటి నెలలో మా ప్రయోగశాల పెద్దాయన పాఠం చెబుతూ అలాంటి స్కేలు ఒకటి చేతికిచ్చారు. పట్టుకోగానే నాన్న సొరుగు గుర్తొచ్చింది. సెలవు పెట్టి వచ్చాను, ఎవరూ లేనప్పుడు కొలిచాను. నువ్వు అప్పుడు నాన్న మందుల కోసం బయటికి వెళ్ళావు. ఆయన మంచంలో ఉండి కూడా వచ్చినవాళ్ళందరికీ ఆ పలకే చూపించేవాడు, మా పెద్దది చేసిందని. చెప్పలేకపోయాను. ఆయన పోయాక, ఒక్క కార్ఖానాలోనే ఉంది కదా, దాంట్లో అదే సరిపోతోంది కదా అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత తాళాలాయన నకలు చేసుకున్నాడని నువ్వు సంబరంగా రాశావు. తర్వాత ఇంకొకరు. ప్రతిసారీ ఇక ఇప్పుడు చెప్పి లాభమేమిటని నీళ్ళు నమిలాను.

పెట్టె వచ్చింది. నీ నూనె గుడ్డ నేనే విప్పాను. కొలిచాను. నూటొకటి. పలక నా బల్ల మీదే ఉంది, కాగితం మీద సంతకం కూడా నేనే పెట్టాలి. పటంతో సరిపోలేదని రాయక తప్పదు. అబద్ధం రాయలేను, నిజం రాస్తే నీ బొంత నా చేతుల్లోనే చిరిగిపోతుంది. నేను సంతకం పెట్టకముందే నువ్వు పరీక్ష నుంచి తప్పుకో. కనీసం తుక్కు చేసిన పాపం నా మీద ఉండదు.

క్షమించమని అడగడానికి మొహం లేదు.

అక్క


కార్ఖానా
మార్చి 20

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇప్పుడు రాస్తే నోరు జారుతాను. తర్వాత రాస్తాను.

సంతకం మాత్రం పెట్టకు. తప్పుకోను.


కార్ఖానా, మేడ మీది గది
ఏప్రిల్ 8

అక్కా,

ఇరవై రోజులు పట్టింది నాకు మనిషిని కావడానికి.

నా కోపం స్కేలు గురించి కాదు. నాన్న సొరుగులోంచి ఆ స్కేలు నా చేతికి వచ్చి ఉంటే నేనూ అదే చేసేదాన్ని. ఎనిమిదేళ్ళు నేను ప్రతి కార్ఖానాలో పలక బిగిస్తూ నీ గురించి గొప్పలు చెబుతుంటే, నువ్వు అవన్నీ చదివి ఊరుకున్నావు. నన్ను పిచ్చిదాన్ని చేశావక్కా. టై ఆయన ముందు నా చెయ్యి అడ్డం పెట్టించావు. ఏడుపొచ్చింది, ఏడ్చాను, దాని సంగతి అయిపోయింది.

ఇక పని మాట. పలకని సరిదిద్దడం కుదరదు. మిల్లీమీటరు పక్కన కొత్త చిల్లు పెడితే అది పాత చిల్లులోకే జారుతుంది. సరిచెయ్యడమంటే నలభై ఆరు బండ్ల కాళ్ళూ పదకొండు పలకలూ పారెయ్యడమే. అందుకని కాలికి బలపం కట్టుకుని పది కార్ఖానాలూ తిరిగాను. ప్రతి గుమ్మంలో నిలబడి, మా అక్క తప్పు చేసింది, నేను దాన్ని మీ అందరికీ పంచాను, తిట్టదల్చుకుంటే ఇప్పుడే తిట్టండి అని చెప్పాను.

సైకిళ్ళావిడ గ్రీజు చేతులు తుడుచుకుంటూ అడిగింది, "నా బండి నీ పలక మీద కూర్చుంటుందా, కూర్చోదా?"

కూర్చుంటుందన్నాను.

"మరింకేం తప్పు?" అని లోపలికి వెళ్ళిపోయింది.

తాళాలాయన మాత్రం మొహం మాడ్చుకున్నాడు. నూనె డబ్బా మూత బిగించి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "ముప్పై ఏళ్ళు అంగుళాల్లో చేశానమ్మా. మిల్లీమీటర్లు తెచ్చి నా పనిముట్లన్నీ మూలన పడేశారు. ఒక్కడైనా వచ్చి ఏమైపోయావని అడిగాడా? ఈసారి వాళ్ళనే మార్చుకోమను."

అప్పుడు తట్టింది నాకు. పలకలన్నీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. సరిపోనిది ఒక్కటే, ఆ పటం. పటాన్నే మారుద్దామనుకున్నాను. కొత్తది గీశాను, చిల్లుకీ చిల్లుకీ నూటొక్క మిల్లీమీటర్లు. డైరెక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే, ఒకసారి ఇచ్చిన పటం మార్చడానికి వీల్లేదన్నారు. పరీక్షకి నెల ముందు వరకు మార్చుకోవచ్చని ఆయన సంతకం పెట్టిన నిబంధనల్లోనే ఉంది. నిలబడి ఆ పేజీ చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, ముద్ర వేశారు.

టై ఆయన బండికి కూడా దారి చూశాను. ఒక నడిమి పలక చేశాం, పైన వాళ్ళ వంద దూరం చిల్లులు, కింద మన నూటొకటి దూరం పిన్నులు. ఆ బండి ఇప్పుడు మన బొంతలో బుద్ధిగా కూర్చుని పనిచేస్తోంది. ప్రపంచమంతా వందలో ఉండనీ, వచ్చినవాళ్ళకి పీట వేస్తాం. మన నేల మాత్రం తవ్వుకోం.

నువ్వు చెయ్యాల్సింది నువ్వు చెయ్యి. మిగతా పది పలకలూ కొత్త పటంతో పాటు ఇవాళే పంపుతున్నాను. నిజం రాయి. నూటొకటి ఉంటే నూటొకటి అను, ఎక్కడైనా వెంట్రుకవాసి తేడా ఉంటే అదీ రాయి. జాలిపడి ఒక్క అంకె మార్చావంటే ఈ జన్మకి నీతో మాట్లాడను.

నీ చెల్లెలు


కొలతల ప్రయోగశాల, కింది అంతస్తు
మే 16

చెల్లీ,

పై చిరునామా చూశావా? నన్ను కిందికి దించారు.

నీ పెట్టెలు వచ్చిన రోజున మా పెద్దాయన గదికి వెళ్ళి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను. ఈ పలకలు నా చెల్లెలివి, మొదటిది నేను చేసింది, అందులో తప్పుందని నాకు ఎనిమిదేళ్ళుగా తెలుసు, వీటి మీద నేను సంతకం పెట్టకూడదని. ఆ పలకల్ని ఆయన నా బల్ల మీంచి తీయించారు. ముందే చెప్పనందుకు కొలతల గదిలోంచి తీసేశారు. ఇప్పుడు కింద సంతల తక్కెళ్ళు సరిచూసే విభాగంలో ఉన్నాను. శాలువా అక్కర్లేదు, చెమటలు పడుతున్నాయి. నిజం చెప్పనా, ఎనిమిదేళ్ళ తర్వాత ఒళ్ళు తేలిగ్గా ఉంది.

నీ పలకల్ని పక్క బల్ల ఆయన కొలిచాడు. చండశాసనుడు, సొంత తల్లి వచ్చినా కాగితం చూపించమనే రకం. ఆయన రాసింది నిన్న నాకూ చూపించారు. పదకొండు పలకల్లోనూ నూటొకటి. ఒక పలకకీ ఇంకో పలకకీ తేడా మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు కూడా లేదు. కొత్త పటానికి సరిపోయాయని ముద్ర వేశాడు. వెళ్తూ వెళ్తూ నన్ను అడిగాడు, ఇంతమంది ఇన్నేళ్ళు ఒక్క తప్పుని ఇంత ఒద్దికగా ఎలా కాపాడారని. మా చెల్లెలిని అడగండి అన్నాను.

ఫిబ్రవరిలో నేను రాసిన ఉత్తరం చించెయ్యి. పరీక్ష రోజున రాలేను, కొత్త విభాగంలో సెలవివ్వరు. కానీ నీ పక్షానే ఉన్నాను, ఇది రాసి ఉంచుకో.

మరలు బిగించే బండి మోటారు వేడెక్కుతుందని ఒకసారి రాశావు. ఇంకోదాన్ని దగ్గర పెట్టుకో.

అక్క


కార్ఖానా, వెనక హాలు
జూన్ 22

అక్కా,

నీ నోటి వాక్కు ఎంత గట్టిదో చూడు. మోటారు కాలింది.

వరసగా చెబుతాను. పొద్దున మంచం కీళ్ళు నూట ఇరవై, ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. తర్వాత నాలుగు బండ్లు తీసి మూడు పెట్టి క్లాంపులకి మారాం, ముప్పై నాలుగు నిమిషాలు. డైరెక్టరు గారు గడియారం చూడటం మానేసి బండ్ల మధ్య తిరగడం మొదలెట్టారు. భోజనాలయ్యాక చక్రాల కుర్చీ బ్రేకులు. సగంలో ఉండగా మరలు బిగించే బండిలోంచి పొగ. హాలంతా చప్పుడు ఆగింది. ఇక చూసుకోండి అన్నట్టు డైరెక్టరు గారు టై ఆయన వైపు తిరిగారు.

తాళాలాయన వెనక వరసలోంచి తన బండిని తోసుకుంటూ వచ్చాడు, దారిలో డైరెక్టరు గారిని "కాస్త జరగండి సార్" అని పక్కకి నెట్టి మరీ. కాలినదాన్ని తీశాం, ఇది దింపాం. నాలుగు పిన్నులూ టకటకా కూర్చున్నాయి. ఆ చప్పుడు నువ్వు వినాల్సింది. పదకొండు నిమిషాల్లో మళ్ళీ బ్రేకులు రావడం మొదలైంది. మీ వరసలో మోటారు కాలితే ఎన్నాళ్ళని డైరెక్టరు గారు టై ఆయన్ని అడిగారు. ఆయన మంచివాడే అక్కా, అబద్ధం చెప్పలేదు. ఆరు వారాలన్నాడు. పోతూ పోతూ నడిమి పలక పటం ఒకటి ఇవ్వమని అడిగి తీసుకెళ్ళాడు.

పని మనకే ఇచ్చారు, పదకొండు మందికీ. ఒప్పందంలో ఒక షరతు దూర్చారు, రెండేళ్ళలో చిల్లుల దూరం వందకి మార్చుకోవాలని. దాని పక్కనే ఒప్పుకోనని రాసి సంతకం పెట్టాను. నా కింద మిగతా పది మందీ అదే రాసి సంతకాలు పెట్టారు. డైరెక్టరు గారు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి ఆ షరతు ఆయనే కొట్టేశారు. ఆసుపత్రులు మంచాలు అడుగుతున్నాయి మరి.

నూటొకటిని మన కొలతగా మండలి దస్తరంలో ఎక్కించాలట. దానికో ఫారం ఇచ్చారు. అందులో ఒక గడి ఉంది, ఈ కొలతని నిర్ణయించినవారు ఎవరని. తాళాలాయన నా పేరు రాయమన్నాడు. సైకిళ్ళావిడ నాన్న పేరంది.

నేను నీ పేరు రాశాను. సిరాతో రాశాను, దాని మీద ముద్ర కూడా పడింది. తక్కెళ్ళ విభాగంలో కూర్చున్నా సరే, ఈ దేశంలో ఒక కొలత నీది.

నిన్ను అడక్కుండా రాశానని కోప్పడకు. నువ్వూ నన్ను అడిగి దాచలేదు కదా.

నీ చెల్లెలు